యంత్రానికి మారు ఉంది, మనిషికి ఏదీ?

2025 అక్టోబర్‌లో విశాఖపట్నానికి గూగుల్ డేటా సెంటర్ వస్తోందని ప్రకటించిన నాటి నుంచి మన రాష్ట్రంలో ఆ మాట వినిపించని చోటు లేదు. అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి, ఒక గిగావాట్ సామర్థ్యం అన్న అంకెలు అందరం పత్రికల్లో చదివాం. భూమి గురించి, నీళ్ళ గురించి, కరెంటు గురించి ప్రశ్నలు కూడా లేచాయి. అవి తప్పకుండా అడగవలసిన ప్రశ్నలే. అయితే ఇంత చర్చలోనూ ఒక మనిషి మాత్రం ఎవరికీ కనపడలేదు. ఆ భవనంలో రాత్రీ పగలూ యంత్రాలను కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పని ఎలా ఉంటుంది? ఎన్ని గంటలుంటుంది? అందులో స్త్రీలు ఎందుకంత తక్కువ? ఉన్న కొద్దిమందీ ఏ షరతుల మీద నెట్టుకొస్తున్నారు?

డోన్‌లో కూర్చుని ఈ ప్రశ్నలు వేయడానికి కారణం ఉంది. సికింద్రాబాదు నుంచి, గుంతకల్లు నుంచి, నంద్యాల మీదుగా గుంటూరు నుంచి వచ్చే రైలు మార్గాలు కలిసే జంక్షన్ ఇది. 44వ నంబరు జాతీయ రహదారి కూడా ఇటే పోతుంది. రాత్రి డ్యూటీ అంటే ఏమిటో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకప్పుడు ఈ దారుల మీద కూలికి వలస పోయేవాళ్ళే ఎక్కువ. ఇప్పుడూ పోతున్నారు. వాళ్ళతో పాటు డిప్లొమా, బీటెక్ చదివిన ఆడపిల్లలు కూడా హైదరాబాదుకీ బెంగుళూరుకీ బయలుదేరుతున్నారు. మైక్రోసాఫ్ట్ తన డేటా సెంటర్ల కోసం హైదరాబాదును ఎంచుకున్నట్టు 2022 మార్చిలో ప్రకటించింది. అమెజాన్ అదే ఏడాది నవంబర్‌లో హైదరాబాదు కేంద్రాలను ప్రారంభించింది. రేపు విశాఖ కూడా ఆ జాబితాలో చేరుతుంది. మన పిల్లలు వెళ్ళబోయే పనిచోటు గురించి మనకు తెలిసి ఉండాలి.

డేటా సెంటర్ అంటే కంప్యూటర్ల గోదాము అనుకుంటే చాలావరకు సరిపోతుంది. మనిషంత ఎత్తున్న ఇనుప ర్యాకులు వరసలుగా ఉంటాయి. వాటి నిండా సర్వర్లు. మన పొదుపు సంఘం బ్యాంకు ఖాతా, ఫోన్లో పంపే డబ్బు, రేషన్ షాపులో వేసే వేలిముద్ర, ఇవన్నీ చివరికి ఎక్కడో ఒక డేటా సెంటర్లో తేలవలసినవే. ఆధార్ వివరాలను ఉంచే కేంద్రాలు బెంగుళూరులోనూ హర్యానాలోని మానేసర్‌లోనూ ఉన్నాయి. ‘సర్వర్ డౌన్’ అన్న మాట వినని పల్లె ఇవాళ లేదు. ఆ ఒక్క మాటతో ముసలమ్మ మళ్ళీ రేపు రావలసి వస్తుంది, కూలి మనిషికి ఒక పూట కూలి పోతుంది. ఆ మాట రాకుండా చూడడమే డేటా సెంటర్ ఇంజనీరు ఉద్యోగం.

ఆ ఉద్యోగంలో ఒక రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. ఇది ఫలానా వ్యక్తి కథ కాదు. ఈ రకం కేంద్రాలన్నిటిలో పని ఇంచుమించు ఇదే తీరున సాగుతుంది.

కేంద్రం 24 గంటలూ నడుస్తుంది కాబట్టి పని షిఫ్టుల్లో ఉంటుంది. కొన్ని చోట్ల ఎనిమిది గంటలు, కొన్ని చోట్ల పన్నెండు. గేటు దగ్గర ఒకసారి, లోపలి తలుపుల దగ్గర మళ్ళీ మళ్ళీ కార్డు చూపాలి, వేలిముద్ర వేయాలి. ఒక తలుపు మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. లోపలికి వెళ్ళగానే మొదటి పని, దిగిపోయే షిఫ్టు వాళ్ళ దగ్గర నుంచి పని అందుకోవడం. ఏ అలారం మోగింది, ఏ యంత్రం మరమ్మతులో ఉంది, ఏ కంపెనీ మనుషులు లోపల పని చేస్తున్నారు, ఇదంతా లాగ్ బుక్కు చూసి, మాట్లాడి, సంతకం పెట్టి అందుకుంటారు. ఇక్కడ ఒక్క మాట జారిపోయినా తర్వాత పెద్ద ప్రమాదమవుతుంది.

ఆ తర్వాత రౌండ్లు. కరెంటు ప్యానెళ్ళు, యూపీఎస్ గదులు, బ్యాటరీలు, జనరేటర్లు, డీజిల్ ట్యాంకులు, చల్లబరిచే యంత్రాలు, సర్వర్ హాళ్ళు అన్నీ తిరిగి రీడింగులు రాసుకోవాలి. సర్వర్ హాల్లో ర్యాకుల ముందువైపు చల్లగా, వెనకవైపు వేడిగా ఉంటుంది. సర్వర్లలోకి పోయే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలన్నది ఈ రంగంలో ఎక్కువమంది పాటించే లెక్క. వేల ఫ్యాన్లు ఒకేసారి తిరిగే హోరులో పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. చెవులకు రక్షణ లేకుండా అక్కడ ఎక్కువసేపు నిలబడడం మంచిది కాదు. కిటికీలు ఉండవు. బయట ఎండో వానో, పగలో రాత్రో తెలియదు.

రౌండ్ల మధ్య ‘టికెట్లు’ వస్తుంటాయి. టికెట్ అంటే చేయవలసిన ఒక్కో పనికి ఒక్కో చీటీ. పాడైన డిస్కు మార్చాలి, కొత్త సర్వర్ బిగించాలి, కేబుల్ లాగాలి, బయటి నుంచి వచ్చిన మెకానిక్కు వెంట నిలబడాలి. ప్రతి చీటీకీ గడువుంటుంది. గడువు దాటితే ఎందుకు దాటిందో సంజాయిషీ రాయాలి. కరెంటు లైన్ల మీద చేసే పెద్ద పనులకు చాలాచోట్ల అర్ధరాత్రి దాటాకే అనుమతిస్తారు. జనం తక్కువగా వాడే సమయం అదే. అంటే ఈ వృత్తిలో మెలకువలు నేర్పే పని, పైమెట్టుకు చేర్చే పని ఎక్కువగా రాత్రిపూటే జరుగుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఏమీ జరగని షిఫ్టే మంచి షిఫ్టు. జరిగితే మాత్రం క్షణాల మీద నడుస్తుంది. బయటి కరెంటు పోయిన మరుక్షణం యూపీఎస్ బ్యాటరీలు భారం అందుకుంటాయి. అవి మోసేది కొద్ది నిమిషాలే. ఆలోపే జనరేటర్లు లేవాలి. ఒకటి లేవకపోతే పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. ఇంజనీరు చూపు ఆ మీటర్ల మీదే ఉంటుంది. అంతా సర్దుకున్నాక ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం చేయాలి అన్న నివేదిక రాయాలి. షిఫ్టు గంట ముగిసినంత మాత్రాన కదిలి వెళ్ళిపోవడానికి లేదు. తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి సంతకం పెట్టాలి. ఆ మనిషి రాకపోతే ఉన్న మనిషే కొనసాగాలి.

అసలు విషయం ఇక్కడే ఉంది. డేటా సెంటర్ అంతా ఒకే సూత్రం మీద కట్టబడింది: దేన్నీ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కరెంటుకు రెండు దారులు. అవసరమైన జనరేటర్ల కంటే ఒకటి ఎక్కువ. చల్లబరిచే యంత్రాలూ అంతే. ఒకదాన్ని ఆపి మరమ్మతు చేస్తుంటే దాని పని ఇంకొకటి చేస్తుంది. ‘టియర్ 3’ అని పిలిచే మూడో తరగతి కేంద్రానికి సాధారణంగా చెప్పే లెక్క 99.982 శాతం. అంటే ఏడాది మొత్తం మీద ఆగిపోయే సమయం గంటన్నర పైచిలుకు మించకూడదు. యంత్రం అలిసిపోతుందని, పాడవుతుందని, దానికి విశ్రాంతి కావాలని ముందే లెక్క వేసి, ఆ లెక్కకు కోట్లు ఖర్చు పెడతారు.

ఈ ముందుచూపు మనిషి విషయంలో ఎందుకు లేదు? షిఫ్టుకు కావలసిన మనుషుల కంటే ఒకరు ఎక్కువ ఉండాలన్న సూత్రం ఎందుకు లేదు? జ్వరం వస్తే, బిడ్డకు ఒళ్ళు బాగాలేకపోతే, ప్రసూతి సెలవు పెడితే ఆ పని ఎవరు అందుకోవాలి? మనుషులను బొటాబొటిగా పెట్టుకున్నచోట ఆ భారం తోటి ఉద్యోగి మీద పడుతుంది. అప్పుడు సెలవు అడిగిన స్త్రీ యాజమాన్యానికే కాదు, తోటివారికి కూడా భారంగా కనిపిస్తుంది. ‘ఆడవాళ్ళను పెట్టుకుంటే ఇదే గొడవ’ అన్న మాట పుట్టేది అక్కడే. గొడవ ఆడదానితో వచ్చింది కాదు. మనిషికి మారు పెట్టని లెక్కతో వచ్చింది.

ఈ రంగంలో స్త్రీలు ప్రపంచమంతటా తక్కువే. డేటా సెంటర్ల మీద ఏటా సర్వే చేసే అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల్లో, తమ సిబ్బందిలో స్త్రీలు పదో వంతు లేదా అంతకన్నా తక్కువేనని చెప్పే సంస్థలే ఎక్కువ. దీనికి చెప్పే కారణాలు మనకు కొత్తవి కావు. బరువులు ఎత్తాలంటారు. బరువైన సర్వర్‌ను ఇద్దరు కలిసి గానీ లిఫ్టు బండితో గానీ ఎత్తాలన్నది మగవాళ్ళకైనా వర్తించే భద్రతా నియమమే. రాత్రి డ్యూటీ అంటారు. పెళ్ళయితే మానేస్తుందంటారు.

ఈ జిల్లాలో ఉన్నవాళ్ళం ఇంకొక సంగతి గుర్తు చేసుకోవాలి. 1990ల చివరలోనూ ఆ తర్వాతా అప్పటి కర్నూలు జిల్లాలోని సంకర పత్తి విత్తన చేలలో పూలకు చేత్తో పుప్పొడి అంటించే క్రాసింగ్ పనికి చిన్న ఆడపిల్లలను పెట్టేవారు. బడికి పోవలసిన వయసు పిల్లలు. ఎందుకంటే వాళ్ళ వేళ్ళు సున్నితమైనవి, ఓపిక ఎక్కువ అన్నారు. కూలి తక్కువన్న మాట మాత్రం పైకి అనలేదు. నాడు పూరేకుల మధ్య పని చేయడానికి పనికొచ్చిన ఆడపిల్ల వేళ్ళు, నేడు మంచి జీతమున్న ర్యాకులో కేబుల్ బిగించడానికి పనికిరావంటున్నారు. స్త్రీ ఏ పనికి తగును, ఏ పనికి తగదు అన్నది ఆమె శరీరాన్ని చూసి తేల్చలేదు, జీతాన్ని చూసి తేల్చారు.

రాత్రి పని సంగతీ ఇంతే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 66వ సెక్షన్ రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు ఫ్యాక్టరీల్లో స్త్రీల చేత పని చేయించరాదంది. అదే కాలంలో నర్సులు రాత్రంతా వార్డుల్లో తిరిగారు, మంత్రసానులు అర్ధరాత్రి పిలిస్తే వెళ్ళారు, తల్లులు జబ్బు బిడ్డల పక్కన తెల్లవార్లూ కూర్చున్నారు. వాటిని ఎవరూ నిషేధించలేదు. స్త్రీలకు జీతం తెచ్చే రాత్రి మీదే నిషేధం. ఆ నిబంధన చెల్లదని 2000లో మద్రాసు హైకోర్టు, 2002లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పులిచ్చాయి. ఇది స్త్రీలు సాధించుకున్న హక్కు. దీన్ని తక్కువ చేసి చూడకూడదు. డేటా సెంటర్లో రాత్రి పని లేని ఇంజనీరుకు అసలైన పని అందదని పైన చెప్పుకున్నాం. ‘ఆడపిల్ల కదా, పగటి షిఫ్టు చాలు’ అని జాలి చూపితే ఆమెను కాగితాల పనికి పరిమితం చేయడమే అవుతుంది.

అయితే తలుపు తెరవగానే పని అయిపోలేదు. 2025లో జరిగిన మార్పులు చూడండి. ఆ ఏడాది జూన్‌లో మన రాష్ట్ర మంత్రివర్గం రోజుకు గరిష్ఠ పనిగంటలను 9 నుంచి 10కి, మూడు నెలలకు ఓవర్‌టైమ్ పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచాలని, స్త్రీలను రాత్రి షిఫ్టుల్లోకి అనుమతించాలని ఒకేసారి నిర్ణయించింది. స్త్రీల హక్కునూ పని పొడిగింపునూ ఒకే మూటలో కట్టి ఇచ్చారన్నమాట. నవంబర్ 21న దేశమంతటా అమలులోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో, వృత్తి భద్రతా కోడ్ 43వ సెక్షన్ ప్రకారం స్త్రీ తన సమ్మతితో, తగిన రక్షణ షరతులతో రాత్రి 7 తర్వాతా ఉదయం 6కు ముందూ పని చేయవచ్చు.

సమ్మతి అన్న మాట దగ్గర ఆగుదాం. ఉద్యోగంలో చేరే రోజు నియామక పత్రంతో పాటు పెట్టించుకునే సంతకం సమ్మతి అవుతుందా? కాదనే వీలు లేనిచోట అవును అన్న మాటకు విలువ లేదు. ఈ నెల ఆరోగ్యం బాగాలేదు, రాత్రి వద్దు అంటే ఉద్యోగం పోకూడదు, పదోన్నతి ఆగకూడదు. అప్పుడే అది సమ్మతి. అలా అనగలగాలంటే ఆమె స్థానంలో నిలబడడానికి ఇంకొక మనిషి ఉండాలి. మళ్ళీ అదే చోటికి వచ్చాం. మారు మనిషి లేనిదే సమ్మతి లేదు.

రాత్రి పని అందరి ఆరోగ్యాన్నీ తింటుంది. నిద్ర లయ తప్పించే రాత్రి షిఫ్టును బహుశా క్యాన్సర్ కారకమైన వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చేర్చింది, 2019లో మళ్ళీ ఖాయం చేసింది. ఇది మగవాళ్ళకూ వర్తిస్తుంది. కానీ పొద్దున్న ఇంటికి చేరిన మగ ఇంజనీరు తలుపు వేసుకుని పడుకోగలడు. పెళ్ళయిన స్త్రీకి అప్పుడు రెండో షిఫ్టు మొదలవుతుంది. 2024 నాటి కేంద్ర ప్రభుత్వ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 2019లో ఇవి 299, 97. అయిదేళ్ళలో మగవాళ్ళ వాటా పెరగకపోగా ఇంకా తగ్గింది. ఇంటి చాకిరీలోనూ ఆమెకు మారు లేదు.

దారి భయం మరొకటి. 2005 డిసెంబర్‌లో బెంగుళూరులో రాత్రి షిఫ్టుకు బయలుదేరిన కాల్ సెంటర్ ఉద్యోగినిని, కంపెనీ బండే అనుకుని ఎక్కిన డ్రైవరే చంపేశాడు. బండి ఏర్పాటు చేశాం, ఇక మాకు సంబంధం లేదని చెప్పుకునే యాజమాన్యాలకు 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం సమాధానం చెప్పింది. యజమాని ఏర్పాటు చేసిన వాహనం కూడా ఆ చట్టం దృష్టిలో పనిచోటే. కాంట్రాక్టు మనిషి అయినా, శిక్షణలో ఉన్న పిల్ల అయినా ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది, ఆపైన పని చేసేచోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకన్నా చిన్న చోట్లకూ, సాక్షాత్తూ యజమాని మీద ఫిర్యాదుకూ జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంది. ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఈ సంగతులు పని వెతుక్కుంటూ రైలెక్కే పిల్లలకు ఎవరు చెబుతున్నారు?

ఇంజనీర్ల గురించే మాట్లాడి ఆగిపోతే మనం కూడా ఆ భవనాన్ని పైనుంచి చూసినట్టే. అదే గేటులోంచి నేల తుడిచే స్త్రీలు, క్యాంటీన్ మనుషులు, సెక్యూరిటీ గార్డులు కూడా లోపలికి వెళతారు. ఇలాంటిచోట్ల వీళ్ళు ఎక్కువగా కాంట్రాక్టరు మనుషులు. ఇంజనీర్లలో కూడా చాలామంది జీతం ఇచ్చేది వేరే కంపెనీ. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది ఉంటే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ సంఖ్యను 50 చేశారు. 50 మంది ఉంటే శిశు సంరక్షణ కేంద్రం పెట్టాలని చట్టం అంటోంది. ఒకే కప్పు కింద పనిచేసే మనుషులను నాలుగు కాంట్రాక్టుల కింద పంచితే ఏ కాంట్రాక్టు కిందా 50 మంది తేలకుండా పోవచ్చు. యంత్రాలన్నిటినీ ఒకే కేంద్రంగా లెక్కపెట్టేవాళ్ళు మనుషులనూ అలాగే లెక్కపెట్టాలి.

మనం అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి షిఫ్టులోనూ అవసరానికి మించి ఒక మనిషి ఉండాలి. రాత్రి పనికి సమ్మతి ఎప్పటికప్పుడు తీసుకోవాలి, కాదన్నందుకు నష్టం ఉండకూడదు. ఒక్క స్త్రీని ఒంటరిగా రాత్రి షిఫ్టులో ఉంచకూడదు. గది దగ్గర నుంచి గది దాకా బండి ఉండాలి. శిశు సంరక్షణ కేంద్రం రాత్రి కూడా తెరిచి ఉండాలి. కాంట్రాక్టు స్త్రీలకూ ఇవన్నీ అందాలి. ప్రభుత్వం ఈ కంపెనీలకు భూమి, కరెంటు రాయితీలు ఇస్తోంది కాబట్టి, ఆ ఒప్పందాల్లోనే ఈ షరతులు రాయించమని అడిగే హక్కు ప్రజలకు ఉంది.

మన జిల్లా వాటా కూడా ఇందులో తక్కువేమీ కాదు. గని - శకునాల సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. విశాఖ డేటా సెంటర్‌కు చెబుతున్న ఒక గిగావాట్ అంటే అంతే. ఎండా భూమీ ఇవ్వగలిగిన ప్రాంతపు ఆడపిల్లలు ఆ కరెంటుతో నడిచే గదుల్లో తుడిచే పనికే సరిపోతారా, మీటర్ల ముందు నిలబడే పని కూడా అందుకుంటారా అన్నది తేలవలసిన విషయం. పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖల్లో చేరమని ఆడపిల్లలను ప్రోత్సహిద్దాం. నగరానికి వెళ్ళే ముందు చట్టం చెప్పి పంపుదాం. అక్కడి స్త్రీల సంఘాల చిరునామా చేతికిద్దాం. నంద్యాల జిల్లా స్థానిక కమిటీ పేర్లు, ఫోన్ నంబర్లు ప్రతి మండలంలో గోడ మీద రాయించమని కలెక్టర్‌ను అడుగుదాం.

ఒక యంత్రం ఆగితే లోకం ఆగిపోతుందని దానికి మారు యంత్రాన్ని పక్కనే నిలబెట్టారు. ఆ రెంటినీ కాపలా కాసే మనిషి ఆగకుండా ఎంతకాలం నిలబడుతుంది? ఆమె పక్కన ఇంకొక మనిషిని నిలబెట్టమని అడగడం దయ కోసం కాదు. అది పని న్యాయం.